పడవ ఎక్కనక్కరలేని దీవి

పోర్ట్ క్లాంగ్
3 జనవరి 2025

చెల్లీ శాంతా,

నువ్వు కులాసా అని తలుస్తాను. నా మోకాలి నొప్పి మామూలే. దీపావళి రోజున నీ వంటింట్లో చెప్పిన సంగతి ఖాయమైంది. నువ్వు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా తల ఊపడం చూసి అప్పుడే ఆశ్చర్యపోయాను. ఇంత సులువుగా అవుతుందనుకోలేదు.

దీవి పేరు బొనేర్. కరీబియన్ సముద్రంలో ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో విమానం మారాలి. ఏప్రిల్ పన్నెండున బయలుదేరి మూడు వారాలు ఉండడం. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంట్లో ఇద్దరికి గది తీసుకున్నాను. పొయ్యి, గిన్నెలు అక్కడే ఇస్తారట.

ఇరవై ఎనిమిదేళ్ళు ఈ రేవులో నీళ్ళలో దిగి ఓడల అడుగులు గోకాను. పైకి రాగానే అందరూ ఒకటే అడిగేవారు. "ఏటి సూసినావు సామీ, కింద?" ఏమీ చూడలేదంటే నమ్మేవారు కాదు. బురద నీళ్ళు. నా చెయ్యి నా కళ్ళ ముందు పెట్టుకున్నా కనపడేది కాదు. గుడ్డివాడు గోడ తడుముకున్నట్టు తడుముకుంటూ చేసిన ఉద్యోగం. ఆ దీవి దగ్గర నీళ్ళలో ముప్ఫై మీటర్ల దూరం కనిపిస్తుందట. అరవై మూడేళ్ళు వచ్చాయి. ఒక్కసారైనా చూడాలి.

ఏర్పాట్లన్నీ వసంతి చూస్తోంది. వారానికి రెండు సార్లు ఆమెతో కలిసి ఈతకొలనులో దిగుతున్నాను. నీ మాస్క్ సైజు కూడా అడిగింది. ముక్కు మొదలు నుంచి పైపెదవి దాకా కొలిచి రాయి. ముఖానికి గట్టిగా అతుక్కోవాలంటోంది.

నీ ఆదివారం తెలుగు బడిలో పిల్లలు ఎంతమంది మిగిలారు?

నీ అన్న
అప్పలసామి


తెలుక్ ఇంటాన్
13 జనవరి 2025

అన్నయ్యకు శాంత నమస్కారాలు.

ఉత్తరం అందింది. నాలుగు సార్లు చదివాను. దీపావళినాటి సంగతి నాకు గుర్తులేకేం, బాగానే గుర్తుంది. ఆ రోజు మిక్సీ తిరుగుతోంది, పక్కింటి యోగేశ్వరి పళ్ళాలు కడుగుతోంది, నువ్వేమో నా వినపడని చెవి వైపు నిలబడి మాట్లాడావు. అయినా గుర్తుంది. అయితే ముఖ్యమైన మాట ఇంకొకసారి రాస్తే తప్పు లేదు కదా.

ఇద్దరికి గది తీసుకున్నానన్నావు. మంచిదే. రామలక్ష్మి వదిన పోయి వచ్చే నెలకు రెండేళ్ళు. నేను పెళ్ళి మాటే లేకుండా యాభై తొమ్మిదేళ్ళు గడిపాను, నాకు ఒంటరితనం పాత చెప్పుల్లా అలవాటైపోయింది. నీకు అలవాటు లేదు. మనిషి తోడు కావాలనిపించడం తప్పని నేనెప్పుడూ అనలేదు. వదిన ఉన్నా అనేది కాదు. కాని ఈ వసంతి ఎవరు? ఎవరి అమ్మాయి? ఏ తోట ఎస్టేట్ వాళ్ళు? వయసెంత?

ఇంకొక మాట. నీళ్ళు చూడడానికి అంత దూరం ఎందుకు? ఈ మలాయి దేశంలోనే మనకు రెడాంగ్ దీవి లేదా, పెర్హెంటియన్ లేదా? యోగేశ్వరి మేనకోడలు రెండూ చూసి వచ్చింది. నాకు వాటితో పని లేదనుకో. చిన్నప్పుడు సంపాన్ పడవ బోల్తాపడ్డ నాటి నుంచి నేను పడవ మీద కాలు పెట్టలేదని నీకు తెలుసు. నీకేం, నువ్వు ఎక్కడికైనా వెళ్ళగలవు.

మాస్క్‌ల గురించి ఆమెకు బెంగ వద్దని చెప్పు. నా దగ్గర రెండు డబ్బాలు ఉన్నాయి, ఇంకా విప్పలేదు. అందరికీ సరిపోయేవే. ఇంతకీ క్లాంగ్‌లో మళ్ళీ మొదలైందా ఏమిటి?

బడిలో తొమ్మండుగురు మిగిలారు. అందులో ఇద్దరు మురుకుల కోసం వస్తారు.

శాంతాదేవి


పోర్ట్ క్లాంగ్
20 జనవరి 2025

చెల్లీ,

రెండు డబ్బాల మాస్క్‌లా! ఎప్పుడు కొన్నావు? ఒక్కటి చాలు. నువ్వు ఇంత తయారుగా ఉన్నావని చెప్పగానే వసంతి చప్పట్లు కొట్టింది. అవును, క్లాంగ్‌లో నవంబరు నుంచే మొదలైంది. ఇప్పుడు ఏడుగురం ఉన్నాం. మంగళవారం, శుక్రవారం.

ఒంటరితనం గురించి రాశావు చూడు, సరిగ్గా నా మనసులో మాట పట్టుకున్నావు. ఒక్కడినే అంత దూరం పోయి, చూసి, తిరిగొచ్చి ఈ గోడలకు చెప్పుకోవాలా? పక్కన మనది అనుకునే మనిషి ఉండాలి. అందుకే కదా ఇదంతా.

వసంతి మన పాత ఊరు సుంగై సుమున్ వాళ్ళే. కొబ్బరి తోట కూలి లైన్లలో సుప్పయ్య ఉండేవాడు, వంకర పళ్ళాయన, ఆయన మనవరాలు. వయసు ముప్ఫై నాలుగు. తెలుగు అర్థమవుతుంది. మాట్లాడితే మాత్రం సగం తమిళం. ఆమె లేకపోతే ఈ వయసులో మళ్ళీ నీళ్ళలో దిగే ధైర్యం నాకు వచ్చేదే కాదు. నిన్ను ఒకసారి కళ్ళారా చూడాలంటోంది. చూడకుండా ముందుకు పోనంటోంది. ఆదివారం మధ్యాహ్నం మీ ఊరు వస్తుంది. ఆమె ఏమి అడిగినా దాచకుండా చెప్పు. నీకెలా అనిపించిందో రాయి. నువ్వు సరే అంటేనే టికెట్లు.

అప్పలసామి


తెలుక్ ఇంటాన్
28 జనవరి 2025

అన్నయ్యా,

ఆమె వచ్చింది. చూశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయమే ఇల్లు తుడిచి, రవ్వలడ్డూలు చేసి, ఎవరైనా పెద్దదిక్కు ఉండాలని యోగేశ్వరిని కూడా పిలిచి కూర్చోబెట్టాను. అమ్మాయి పెద్ద సంచి భుజాన వేసుకుని వచ్చింది. జుట్టు కురచ, ఎండకు మాడిన ముఖం, నవ్వు మాత్రం బాగుంది. యోగేశ్వరి నా మంచి చెవిలో, ఇక్కడి అలవాటు 'లా' తగిలించి, "పిల్ల మంచిదే లా. కాని మరీ సిన్నది, శాంతక్కా," అంది. నేను ఊరుకోమన్నాను.

కూర్చుందో లేదో, ఒక కాగితం తీసి ప్రశ్నలు మొదలుపెట్టింది. "ఆంటీ, మీకు ఆస్మా ఉందా? గుండె జబ్బు? మూర్ఛ?" మన వంశంలో ఏ రోగాలున్నాయో తెలుసుకోవాలని కాబోలు. ఈ కాలం పిల్లలు జాతకం బదులు ఇదే చూస్తారేమో అనుకుని, అమ్మ షుగర్ సంగతి, నాన్న ఆయాసం సంగతి అన్నీ చెప్పాను. దాచవద్దన్నావు కదా.

ఆ తర్వాతే నాకు ఏమీ అర్థం కాలేదు. బేసిన్ నిండా నీళ్ళు తెమ్మంది. "ఆంటీ, తన్నీలో మొకం పెట్టండి. పది లెక్కపెడతాను," అంది. యోగేశ్వరి నా వంక చూసింది, నేను యోగేశ్వరి వంక చూశాను. ఇది వాళ్ళ ఇంటి ఆచారమేమో, కాదంటే తప్పు పడతారేమో అని నడుం వంచి ముఖం పెట్టాను. నాలుగు దాకా ఉండగలిగాను. ఆ తర్వాత ఉండలేక లేచేశాను. ఆమె నా వీపు నిమిరి, "పర్లేదు లా ఆంటీ, నాలుగు చాలు," అంది. దయగల పిల్లే.

వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టి, వదిన నాకిచ్చిన వంగపండు రంగు పట్టుచీర ఆమె చేతిలో పెట్టాను. ఆ చీర నేను ఒక్కసారే కట్టుకున్నాను. వదిన వస్తువు వదిన స్థానంలోకే పోవాలి కదా. ఆమె ఆ చీర వంక, నా వంక మార్చి మార్చి చూసింది.

నాకు కష్టంగా లేదని అబద్ధం రాయను. కాని నేను రాను అన్నయ్యా, మీ మధ్యకు. మీరు సుఖంగా వెళ్ళి రండి.

చైనావాళ్ళ పండగకు పోస్టాఫీసు మూసేస్తారు. ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలియదు.

శాంత


పోర్ట్ క్లాంగ్
9 ఫిబ్రవరి 2025

శాంతా,

నీ ఉత్తరం మూడో తేదీన వచ్చింది. 'నేను రాను' అన్న మాట దగ్గర ఆగిపోయాను. మిగతాది సరిగా చదవలేదు. మూడు నెలల కింద తల ఊపి, ఇప్పుడు రాననడం ఏమిటని కోపం వచ్చింది. ఐదు రోజులు జవాబు రాయలేదు.

నిన్న వసంతి ఆ చీర తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "అంకుల్, ఇదేటి? ఆంటీ నాకు బొట్టెట్టి, సీరెట్టి, కళ్ళనీళ్ళెట్టుకున్నారు. మా ఆయన జయరామ్ గురించి ఒక్క మాటా అడగనేదు. నేను పెళ్ళి కావలసిన పిల్లననుకున్నారా?" అంది.

అప్పుడు నీ ఉత్తరాలు రెండూ వరసగా పెట్టుకుని చదివాను. నువ్వు ఏమనుకున్నావో అర్థమైంది. ముందు ఒళ్ళు మండింది. తర్వాత వసంతి నవ్వడం మొదలుపెడితే నాకూ నవ్వొచ్చింది. ఆమె పోయాక నవ్వు కూడా పోయింది.

ఇప్పుడు అన్నీ విడమరచి రాస్తున్నాను. వసంతి నీళ్ళలో దిగడం నేర్పే టీచరు. జయరామ్ ఆమె భర్త. వాళ్ళతో కలిసి మా ఏడుగురి గుంపు ఆ దీవికి పోతోంది. నేను తీసుకున్న గదిలో రెండు మంచాలు. ఒకటి నాది. ఒకటి నీది. దీపావళి రోజున నిన్నే అడిగాను. నీ ఆరోగ్యం ఎలా ఉందో, నీళ్ళంటే ఎంత భయమో చూడడానికే ఆమె వచ్చింది. ఆ మాస్క్ ఈతకు కళ్ళకూ ముక్కుకూ పెట్టుకునే అద్దం. నీ డబ్బాల్లో ఉన్నవి కరోనా నాటి మూతిగుడ్డలని ఇప్పుడు నాకు తెలిసింది.

అంత దూరం ఎందుకని అడిగావు. రెడాంగ్ పోవాలంటే పడవ. పెర్హెంటియన్ పోవాలంటే పడవ. ఈ దేశంలో నీళ్ళు బాగున్న ఏ దీవికి పోవాలన్నా రేవులో పడవ ఎక్కాలి. నువ్వు ఎక్కవు. ఏడాదిపాటు అందరినీ అడిగాను. పడవ లేకుండా పోగలిగి, ఒడ్డు మీద నుంచి నడుచుకుంటూ దిగితే అడుగు కనిపించే చోటు ఎక్కడుందని. బొనేర్ అన్నారు. విమానం దిగితే దీవి. గది గుమ్మం దాటితే మెట్లు, మెట్లు దాటితే సముద్రం. దూరమని తెలుసు. దగ్గరలో లేదు, ఏం చేయను?

ఒక్క నిజం రాయి. దీపావళి రోజు నేను చెప్పింది నీకు వినపడిందా?

అన్న


తెలుక్ ఇంటాన్
14 ఫిబ్రవరి 2025

అన్నయ్యా,

వినపడలేదు.

ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియడం లేదు. యోగేశ్వరికి నీ ఉత్తరం చదివి వినిపించాను. "బేసిన్‌లో మొకమెట్టినావు కదక్కా," అని నేల మీద కూలబడి నవ్వింది. వసంతికి నేనే వేరే ఉత్తరం రాస్తాను. చీర ఆమెనే ఉంచుకోమను. బొట్టు పెట్టి ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదు.

వినపడకపోతే నేను తల ఊపుతాను. ఇది నీకు తెలియదనుకుంటా. ఎవరికీ తెలియనివ్వలేదు. మళ్ళీ చెప్పమని అడిగితే జనం విసుక్కుంటారు, లేదా గట్టిగా అరుస్తారు, రెండూ నాకు పడవు. తల ఊపితే అందరూ సంతోషిస్తారు. ఇన్నేళ్ళలో దేనికి దేనికి ఒప్పుకున్నానో నాకే తెలియదు.

ఒక సంగతి రెండేళ్ళుగా నన్ను తినేస్తోంది. ఆఖరి రోజు వదిన నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. నీరసంగా చెప్పింది, నాకు ఒక్క అక్షరం అందలేదు. తల ఊపాను. ఆమె కళ్ళు మూసుకుంది. ఏ మాట ఇచ్చానో, ఏ మాట తప్పుతున్నానో తెలియకుండా బతుకుతున్నాను. వసంతిని నెత్తిన పెట్టుకోవడానికి అది కూడా కారణమే. నీకు మళ్ళీ పెళ్ళి చేయమనే అడిగి ఉంటుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ఇక ప్రయాణం. సంపాన్ బోల్తాపడినప్పుడు నాకు ఏడేళ్ళు, నీకు పదకొండు. నీకేమి గుర్తుందో తెలియదు. నాకు గుర్తున్నది రంగు. కళ్ళు తెరిస్తే అంతా గోధుమ రంగు, పైన ఏదో కింద ఏదో తెలియదు. నువ్వు జడ పట్టుకుని లాగావని అమ్మ చెబితే తెలిసింది. నీళ్ళు అంటే నాకు ఆ రంగే.

అయినా వస్తాను. ఇది తల ఊపడం కాదు, రాసి ఇస్తున్నాను. పాస్‌పోర్టుకు ఫొటో దిగాను. ఊళ్ళో ఈతకొలనుకు యోగేశ్వరితో మొన్నటి నుంచి వెళ్తున్నాను. ఆమె గట్టు మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ, "ఏటవ్వదు, దిగు లా," అంటుంది. మోకాళ్ళ దాకా దిగాను.

నీ చెల్లెలు
శాంత


పోర్ట్ క్లాంగ్
25 ఫిబ్రవరి 2025

చెల్లీ,

నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించారు. నువ్వు నాలుగు రోజులు ఆసుపత్రి కుర్చీలో కూర్చుని నడుం పాడుచేసుకున్నావు. నేను ఈతకొలనులో పడిపోయానని వసంతి ఫోన్ చేస్తే, యోగేశ్వరి దాన్ని సముద్రంలో మునిగిపోయానని నీకు చేరవేసిందట. అలా విని కూడా బస్సెక్కి వచ్చావంటే నీ గుండె గట్టిదే.

డాక్టరు నీకు చెప్పినవి నీకెంత అందాయో తెలియదు కనుక రాస్తున్నాను. ఊపిరితిత్తి మీద పలచబడిన చోటు ఒకటి ఉందట, బుడగలాంటిది. అది చిట్లి గాలి బయటకు వచ్చి తిత్తి ముడుచుకుపోయింది. మొదట పైపు పెట్టారు. ఇక ఆ బుడగ కోసేయాలి. విమానం ఇప్పట్లో వద్దు. నీళ్ళలో సిలిండరు కట్టుకుని దిగడం అసలెప్పుడూ వద్దు. "ఇరవై ఎనిమిదేళ్ళు మీకేమీ కాకపోవడమే వింత," అన్నాడు.

కాబట్టి నేను పోను. నువ్వు పో. వసంతి, జయరామ్ పక్కన ఉంటారు. నా మంచం మీద సంచులు పెట్టుకో. ఈ మాట వార్డులో చెబితే తల ఊపావు. ఇప్పుడు నాకు నీ తల మీద నమ్మకం లేదు. కాగితం మీద జవాబు కావాలి.

రామలక్ష్మి ఏమందో అడిగావు. అడగలేదు, కాని అడిగినట్టే. నేను మంచానికి ఇటువైపు నిలబడి ఉన్నాను, నాకు వినపడింది. "రేపు గురువారం, సెత్త బండొస్తాది. డబ్బా బయటెట్టండి వదినా," అంది. అంతే. నువ్వు తల ఊపావు. మర్నాడు అంత గొడవలోనూ ఆ డబ్బా నేనే బయటపెట్టాను. ఏ మాటా తప్పలేదు నువ్వు.

అప్పలసామి


తెలుక్ ఇంటాన్
4 మార్చి 2025

అన్నయ్యా,

నేను రాను. పోను. ఈసారి ఈ మాటకు ఉన్న అర్థం ఒక్కటే.

నీళ్ళు చూడాలన్నది నువ్వు. నలభై ఏళ్ళ కోరిక నీది. నువ్వు పోర్ట్ క్లాంగ్‌లో కిటికీ దగ్గర కూర్చుంటే నేను నీ మంచం పక్కన మంచం వేసుకుని పరాయి దేశంలో ఏం చేయను? భాష రాదు, చెవి లేదు, ఈత లేదు. నీ ఆపరేషన్‌కు నేనుండాలి. గంజి ఎవరు కాస్తారు?

చెత్త డబ్బా సంగతి చదివి నవ్వానో ఏడ్చానో నాకే తెలియలేదు. ఆఖరి రోజున కూడా వదిన ఇంటి పనే చూసుకుంది. నేను రెండేళ్ళు దాన్ని ఏదో వరంలా మోశాను. దించేస్తే తేలిగ్గా ఉండాలి కదా. ఒకరకంగా ఖాళీగా ఉంది.

10 మార్చి

ఈ ఉత్తరం పోస్టు చేయలేదు. కారణం రాస్తాను, అర్థమైతే నువ్వే అర్థం చేసుకో.

పోననుకున్నాక ఈతకొలనుకు ఎందుకు, కార్డు తిరిగి ఇచ్చేద్దామని వెళ్ళాను. కార్డు తీసుకునే మనిషి భోజనానికి పోయాడు. ఊరికే నిలబడడం ఎందుకని దిగాను. ముఖం పెట్టాను. పది లెక్కపెట్టాను. లేచి, మళ్ళీ పెట్టాను. పన్నెండు. ఆ మనిషి తిరిగొచ్చి, "కార్డు ఇస్తారా మక్‌చిక్?" అని మలాయిలో పిన్నిని పిలిచినట్టు అడిగితే, లేదన్నాను.

వెళ్తాను. నీ కోసం అని అనుకోకు. నీ కోసం కాదనీ అనుకోకు. ఆపరేషన్ నా ప్రయాణానికి ముందే అయ్యేలా చూడమని డాక్టరును అడుగు. నేను వచ్చి ఉంటాను, ఆ తర్వాతే ఎక్కుతాను.

శాంతాదేవి


పోర్ట్ క్లాంగ్
16 ఏప్రిల్ 2025

చెల్లీ,

ఈ ఉత్తరాన్ని వసంతి ఇచ్చిన ఆ ఇంటి చిరునామాకు పంపుతున్నాను. నువ్వు తిరిగి వచ్చేలోగా చేరుతుందో లేదో తెలియదు. కుట్లు విప్పారు. మేడ మెట్లు ఎక్కి దిగాను, ఆయాసం లేదు. నువ్వు పోయాక యోగేశ్వరి రెండు రోజులకు ఒకసారి ఫోన్ చేసి గంజి తాగానా అని అడుగుతోంది. తాగానంటే నమ్మదు.

నువ్వు విమానాశ్రయంలో అద్దం వెనక నుంచి చెయ్యి ఊపి ఏదో అన్నావు. నాకు వినపడలేదు. నేనూ తల ఊపాను.

చూసింది చూసినట్టు రాయి. నేను బాధపడతానని బాగాలేదని రాయకు. నేను సంతోషిస్తానని బాగుందని రాయకు.

అప్పలసామి


క్రాలెన్‌డైక్, బొనేర్
24 ఏప్రిల్ 2025

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇంకా నాకు రాలేదు, రాసి ఉంటావని నమ్మి నేను రాస్తున్నాను.

వచ్చి పదకొండు రోజులైంది. ఇప్పటిదాకా ఎందుకు రాయలేదంటే, రాయడానికి ఏమీ లేదు. మొదటి వారం నేను నీళ్ళలో దిగలేదు. చీలమండల దాకా పోయి వెనక్కి వచ్చాను. రెండో రోజూ అంతే. మూడో రోజు మాస్క్ పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మాస్క్‌లో ఏడిస్తే అద్దం లోపల మసకేసి ఏమీ కనపడదు, ఆ ఒక్కటీ నేర్చుకున్నాను. వసంతి మాస్క్ కడిగి మళ్ళీ నా చేతికిచ్చింది. జయరామ్ ప్రతి సాయంత్రం అన్నం వండి పెడుతున్నాడు.

ఈ దీవి నాకు అర్థం కావడం లేదు. సముద్రం మధ్యలో ఉంది కాని ఎడారిలా ఉంది. ముళ్ళ జెముడు మొక్కలే కంచెలు. రోడ్ల మీద గాడిదలు ఎవరివో తెలియకుండా తిరుగుతాయి. దక్షిణాన తెల్లటి కొండలు కనిపిస్తే గుడారాలనుకున్నాను. ఉప్పు కుప్పలట. వాటి పక్కన పూర్వం ఆ ఉప్పు తీసిన బానిసలు పడుకున్న రాతి గుడిసెలు ఉన్నాయి. ఒక గుడిసెలోకి నేను వంగి, మోకాళ్ళ మీద పాకి పోవలసి వచ్చింది. లోపల నిలబడలేం. మన తాతలు దిగిన కూలి లైన్లు ఎంత అధ్వానమైనా మనిషి నిలబడే ఎత్తు ఉండేది. గుంపులో వాళ్ళు ఫొటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం ఆ గుమ్మంలో కూర్చుండిపోయాను. ఎదురుగా సముద్రం అద్దంలా ఉంది. వాళ్ళు రోజూ దాన్ని చూస్తూ ఏమనుకునేవారో.

ఇంటి యజమానురాలు ఎలీదా. నా ఈడుదే. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. కాబట్టి నాకు వినపడకపోవడం ఇక్కడ లోపమే కాదు. పొద్దున్నే 'బొన్ దియా' అని పలకరిస్తుంది. నేను మామిడిపండు కోసి ఇస్తాను. ఉప్పు, కారం అద్దుకుని తినడం నేర్పాను.

గుడిసెలు చూసి వచ్చిన మర్నాడు దిగాను. ఎందుకు ఆ రోజే అని అడిగితే చెప్పలేను. నడుం లోతు. వసంతి ఒక చెయ్యి, జయరామ్ ఒక చెయ్యి పట్టుకున్నారు. ముఖం పెట్టి కళ్ళు మూసుకున్నాను. పది లెక్కపెట్టాను. తెరిచాను.

ముందు నా పాదాలు కనిపించాయి. నా బొటనవేలి గోరు, చీలమండ మీద చిన్నప్పటి మచ్చ, అన్నీ, నా గదిలో నేల మీద నిలబడినట్టు. నాకు ఒక్కసారి ఏమీ అర్థం కాలేదు. నీళ్ళలో ఉన్నానా లేదా అని చేతులు కదిపి చూసుకున్నాను. గోధుమ రంగు లేదు అన్నయ్యా. అసలు రంగే లేదు దగ్గర్లో. దూరంగా పోతేనే నీలం.

చేపల పేర్లు వసంతి పలక మీద రాసి చూపించింది, మర్చిపోయాను. నేను పెట్టుకున్న పేర్లు రాస్తాను. పసుపుకొమ్ము చేప. పళ్ళు కొరికే చేప. ఇది రాయిని కొరుకుతుంది, తిన్నది ఇసుకగా వదులుతుందట, నేను నమ్మలేదు కాని చూశాను. వంటింటి గుడ్డ ముక్కలా నలిగి పడున్నది చేపో మొక్కో తెలియలేదు. ఒకటి నా ముఖం ముందుకొచ్చి చాలాసేపు నన్నే చూసింది. ఎవరనుకుందో.

కొంచెం లోతులో వసంతి, జయరామ్ చేతులతో మాట్లాడుకుంటున్నారు. వేళ్ళు మడుస్తారు, అరచేయి తిప్పుతారు. అక్కడ ఎవరికీ ఎవరి మాటా వినపడదు. అందరూ ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకుంటారు, అర్థమయ్యేదాకా ఆగుతారు. అర్థం కాకపోతే మళ్ళీ చెబుతారు, విసుక్కోరు. నాకు అర్థమైనా కాకపోయినా తల ఊపబోతే వసంతి వేలు అడ్డంగా ఆడించింది. తల ఊపడం ఇక్కడ చెల్లదట. చేత్తో గుర్తు చూపిస్తేనే ఒప్పుకున్నట్టు.

బాగుందా అంటే, తెలియదు. భయం పోలేదు. లేచి ఒడ్డుకు వచ్చాక ఎలీదా టవలు కప్పి కాఫీ ఇచ్చింది. కాని ఆ కాఫీ అవగానే మళ్ళీ దిగాలనిపించింది. ఇది ఏ రకం భయమో నాకు అర్థం కావడం లేదు. నీకు తెలిస్తే రాయి. నువ్వూ ఇన్నేళ్ళు దిగావు కదా.

ఈ రోజు వసంతి వాళ్ళందరూ ఉత్తరాన ఎక్కడో లోతు నీళ్ళకు ట్రక్కులో పోయారు. నన్నూ రమ్మన్నారు. నేనుండిపోయాను. తేలే జాకెట్టు వేసుకుని, మెట్ల దగ్గర ఛాతీ లోతు వరకు ఒక్కదాన్నే దిగుతానని వసంతికి చేత్తో చెప్పి ఒప్పించాను. ఎలీదా గొడుగు, కుర్చీ తెచ్చుకుని ఒడ్డున కూర్చుంది. గాలి లేదు, నీళ్ళు కదలడం లేదు, ఇప్పుడే దిగమని చెయ్యి చూపిస్తోంది.

కలం మూసేస్తున్నాను. పోయి వచ్చి మిగతాది రాస్తాను.

శాంత